హార్ప్ విద్య కొలతల్లో ఉంది

సంపాదకులకు,

నమస్కారం.

చేతితో తయారయ్యే హార్ప్ అనే తంత్రీవాద్యం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. స్తంభం మీది చెక్కడపు పనినీ, మెరుగుపెట్టిన చెక్క నిగారింపునీ, ఆ వాద్యాన్ని దేవదూతల చేతుల్లో ఉంచిన యూరప్ చిత్రకారుల ఊహనూ వ్యాసకర్త ఓపికగా వర్ణించారు. అయితే అంత నిడివిలోనూ ఒక్క తంత్రి పొడవు గాని, తంత్రుల కదలికకు కంపించి మోగే పలక అయిన నాదఫలకం మందం గాని, ఏ తంత్రిని ఏ పదార్థంతో చేస్తారన్న సంగతి గాని కనిపించలేదు. ఇది ఆ ఒక్క వ్యాసంలోని లోపం కాదు. హార్ప్ గురించి రాసేవారిలో చాలామంది దాన్ని చూడదగిన వస్తువుగానే పరిచయం చేస్తారు. చెక్కపనీ, తంత్రులు బిగించే పనీ కొంత ఎరిగినవాడిగా నేను చెప్పదలచినది ఒకటే. హార్ప్‌కు సంబంధించిన అసలు విద్య కొలతల్లో ఉంది. ఆ కొలతలను చేసేవారు రాసిపెట్టకపోతే, వాయించేవారు తెలుసుకోకపోతే, ఆకారం బొమ్మగా మిగిలి నాదం పోతుంది. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు, చరిత్రలో ఒకటికి రెండుసార్లు జరిగిన సంగతి.

ముందుగా వాద్యం నిర్మాణం. వీణలోనూ గిటారులోనూ తంత్రులు నాదఫలకానికి సమాంతరంగా సాగి, గుర్రం అనే చిన్న ఆనికట్టె మీదుగా సాగుతాయి. హార్ప్‌లో తంత్రి నాదఫలకం నుంచే బయలుదేరి, దానికి కోణంగా పైకి లేచి, మెడలోని బిరడను చేరుతుంది. మెట్లు ఉండవు కాబట్టి ఎన్ని స్వరాలు కావాలో అన్ని తంత్రులు ఉండాలి. కింద నాదపేటిక, పైన వంపు తిరిగిన మెడ, ఆ రెండింటి కొసలనూ ఎడంగా నిలబెట్టే స్తంభం కలిసి ఒక త్రికోణమవుతాయి. స్తంభం లేని ధనురాకారపు హార్ప్‌లు ఇంతకంటే పాతవి.

మెడకు ఆ వంపు ఎందుకన్న ప్రశ్న దగ్గరే లెక్క మొదలవుతుంది. తంత్రి పలికే స్వరాన్ని దాని పొడవు, బిగువు, బరువు నిర్ణయిస్తాయని ఫ్రెంచి పండితుడు మారెన్ మెర్సెన్ 1636లో సూత్రీకరించాడు. పదార్థమూ మందమూ బిగువూ మార్చకుండా ఒక స్థాయి, అంటే ఏడు స్వరాల మేర, కిందికి దిగాలంటే పొడవు రెట్టింపు కావాలి. అతి చిన్న తంత్రి 10 సెంటీమీటర్లు ఉందనుకుంటే, నాలుగు స్థాయిలు దిగేసరికి 160 సెంటీమీటర్లు, ఐదో స్థాయికి 320 సెంటీమీటర్లు అవసరమవుతాయి. మనిషి భుజానికి ఆనించుకుని వాయించే వాద్యం అంత పొడవు ఉండడం కుదరదు. అందుకని తయారీదారు పైస్థాయి తంత్రుల్లో పొడవును ఈ నిష్పత్తికి దగ్గరగా ఉంచి, కిందికి వచ్చేకొద్దీ పొడవు తగ్గించి, ఆ తగ్గిన మేరకు తంత్రిని లావు చేసి, అట్టడుగు తంత్రులకు పైన సన్నని లోహపు తీగ చుట్టి బరువు పెంచుతాడు. ఆ రాజీ ఏ తంత్రి దగ్గర మొదలవుతుందో, ఎంత మెల్లగా సాగుతుందో దాన్నిబట్టి మెడ వంపు తిరుగుతుంది. అంటే ఆ వంపును గీసింది శిల్పి సౌందర్యదృష్టి కంటే ముందు తంత్రుల పట్టిక. బయటి అంచున ఎంత అందంగా చెక్కినా ఫరవాలేదు. బిరడల వరుసను మాత్రం అందం కోసం అర అంగుళం జరిపినా ఆ మేరకు నాదం మారుతుంది.

ఈ పట్టికలో కొత్తవారిని తికమకపెట్టే విషయం ఒకటుంది. తంత్రి తరచు తెగిపోతుంటే దానికి బదులు లావుపాటిది వేయాలని ఎవరికైనా తోస్తుంది. నిజానికి ఒకే పదార్థంతో చేసిన తంత్రులకు పొడవు ఒకటే అయినప్పుడు, సన్నదైనా లావుదైనా దాదాపు ఒకే స్వరం దగ్గర తెగుతాయి. లావు పెరిగితే బలం పెరుగుతుంది, అయితే అదే స్వరానికి బిగించాలంటే లాగవలసిన బరువు కూడా అంతే నిష్పత్తిలో పెరుగుతుంది. తెగకుండా ఉండాలంటే పొడవు తగ్గించాలి, లేదా స్వరం దించాలి, లేదా పదార్థం మార్చాలి. ఈ మూడూ కాక లావు ఒక్కటే పెంచితే తంత్రి తెగడం ఆగదు సరికదా, నాదఫలకం మీద అనవసరమైన భారం పడుతుంది. అలాగని తెగే హద్దుకు చాలా దూరంగా, వదులుగా ఉంచినా పనికిరాదు. తగినంత బిగువు లేని తంత్రి మసకగా పలుకుతుంది, వేలు తగలగానే ఊగి పక్క తంత్రిని ఒరుసుకుంటుంది. తెగే హద్దుకు కొద్దిగా ఇవతల నిలిచిన తంత్రికే కాంతి ఉంటుంది. పేగుతంతి, నైలాన్, ఇత్తడి, ఉక్కు, వీటిలో ఒక్కొక్కదానికి ఆ హద్దు వేరు. నైలాన్ కోసం లెక్కగట్టిన చట్రానికి ఉక్కు తీగలు బిగిస్తే వాద్యం విరిగినా ఆశ్చర్యం లేదు.

ఇక నాదఫలకం. హార్ప్ చేసేవారి అసలు పరీక్ష ఇక్కడే. తంత్రులన్నీ దాన్ని నేరుగా పైకి లాగుతుంటాయి. కచేరీల్లో వాడే, కాలితో నొక్కే మీటలున్న 47 తంత్రుల పెడల్ హార్ప్‌లో ఆ లాగుడు మొత్తం కలిపి సుమారు 900 కిలోల బరువుకు సమానమని లెక్క. ముప్పైకి అటూ ఇటుగా తంత్రులుండే చిన్న హార్ప్‌లో కూడా అది కొన్ని వందల కిలోలకు తక్కువ కాదు. ఇంత లాగుడునూ తట్టుకోవలసిన పలక, వేలికొసతో మీటిన చిన్న కదలికకే కంపించేంత తేలికగానూ ఉండాలి. పొడవు నార కలిగి, తేలికగా ఉంటూనే గట్టిగా నిలిచే స్ప్రూస్ చెక్కను అందుకే ఎంచుకుంటారు. పైస్థాయి తంత్రుల దగ్గర పలుచగా, కిందిస్థాయి దగ్గర మందంగా వచ్చేలా పలకను చిత్రికపడతారు. తంత్రులు దూరే బెజ్జాల వెంట గట్టి చెక్కతో సన్నని పట్టీ అతికిస్తారు. ఒక దశ దాటాక చిత్రిక ఒక్క పోగు తీసినా పలక మోగే తీరు మారిపోతుంటుంది, కాబట్టి కొలబద్దతోపాటు గోటితో తట్టి వినే చెవి కూడా కావాలి. మందంగా ఉంచిన పలక పదేళ్లు చెక్కుచెదరకపోవచ్చు గాని దాని హార్ప్ మూగగా ఉంటుంది. మరీ పలుచబరచిన పలక మొదటి సంవత్సరం అద్భుతంగా పలికి, ఆ తరువాత చీలుతుంది.

తంత్రులు బిగించిన తరువాత నాదఫలకం మెల్లగా పైకి ఉబ్బుతుంది. కొన్నవారు దీన్ని చూసి కంగారుపడి, మోసపోయామని తయారీదారు మీద విరుచుకుపడుతుంటారు. కాని ఆ ఉబ్బు సహజం. ఎంతవరకు ఉబ్బుతుందో ముందే ఊహించి, అంత చోటు ఇచ్చి కట్టిన వాద్యమే సరైన వాద్యం. ఉబ్బు కొన్ని నెలల్లో కుదురుకుంటే మంచిది; ఏటేటా పెరుగుతూ పోతే, పట్టీ పక్కన నార వెంట సన్నని చీలికలు కనిపిస్తే, అప్పుడు అడగాలి. మెడ విషయం కూడా ఇంతే. చాలా హార్ప్‌లలో తంత్రులు మెడకు ఒకే పక్కన ఉంటాయి కాబట్టి మెడ ఆ పక్కకు మెలితిరగాలని చూస్తుంది. వంపు తిరిగిన చోట చెక్క నార అడ్డంగా తెగి బలహీనమవుతుంది కాబట్టి, చాలామంది పలుచని పొరలను నార దిశ మార్చి అతికించి మెడ చేస్తారు. దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశపు తయారీదారులు ఈ చిక్కును మరో రకంగా తప్పించారు. తంత్రులు మెడ నడిమి నుంచే దిగేలా కట్టడం వల్ల మెలితిప్పే బలమే తగ్గిపోయింది, చట్రాన్ని సన్నగా చెక్కగలిగారు, 36 తంత్రుల వాద్యాన్ని ఒంటిచేత్తో ఎత్తుకుపోగలిగేంత తేలిక చేశారు. పరాగ్వే హార్ప్‌ను చూసి దాని అలంకరణను అనుకరించేవారున్నారు గాని, నన్నడిగితే అనుకరించవలసింది ఆ మెడను.

ఇదంతా చేసేవారి గొడవ, వాయించేవారికెందుకని అనేవారు ఉండవచ్చు. వయొలిన్ విద్యార్థి నాలుగు తంత్రులు చూసుకుంటే చాలు. హార్ప్ విద్యార్థి రోజూ ముప్పై నలభై తంత్రులను శ్రుతి చేసుకోవాలి. గాలిలో తేమ మారితే చెక్క మారుతుంది, చెక్క మారితే శ్రుతి మారుతుంది. కొత్త నైలాన్ తంత్రి కుదురుకోవడానికి వారాలు పడుతుంది. తెగిన తంత్రి స్థానంలో కొత్తది వేసేటప్పుడు కొసకు చిన్న తునక అడ్డుపెట్టి ముడి వేయడం, ఆ ముడి బెజ్జం గుండా జారకుండా చూడడం, బిరడకు తగినన్ని చుట్లే చుట్టడం, ఒక్కసారిగా పైస్వరానికి లాగకుండా అంచెలంచెలుగా ఎక్కించడం, ఇవన్నీ వాయించేవారి పనులే. ఏ తంత్రి ఎంత మందమో తెలియనివారు దుకాణంలో దొరికినది తెచ్చి వేస్తారు. అటువంటి తప్పులు నాలుగు చేరేసరికి పక్కపక్క తంత్రులు వేలికి వేర్వేరు బిగువుల్లో తగులుతాయి. అప్పుడు చేయి కుదరదు, ఆ తప్పును గురువు శిష్యుడి వేళ్ల మీదికి నెడతాడు.

వాయించే పద్ధతి కూడా వాద్యం కట్టిన తీరును అనుసరించే ఏర్పడింది. పేగు, నైలాన్ తంత్రులున్న హార్ప్ మీద బొటనవేలు పైకి నిలిపి, మిగిలిన వేళ్లు కిందికి దించి, మీటిన ప్రతి వేలినీ అరచేతిలోకి ముడుచుకునేలా నేర్పుతారు. చిటికెనవేలు సాధారణంగా వాడరు. తరువాతి స్వరాలు మీటకముందే వేళ్లను వాటి తంత్రుల మీద సిద్ధంగా ఉంచడం సగం సాధన. తంత్రుల మధ్య ఎడం అంతటా ఒక్క తీరుగా, లేదా కనీసం క్రమంగా పెరిగేలా ఉంటే తప్ప ఈ ముందస్తు అమరిక అలవడదు. షడ్జానికి సరిపడే సి తంత్రులకు ఎర్ర రంగు, ఎఫ్ తంత్రులకు నలుపు లేక నీలం వేసేది కన్ను తడబడకుండా ఉండటానికి. ఇత్తడి తీగలు బిగించిన పాత ఐరిష్ హార్ప్ మీద ఇదే చేయి పనికిరాదు. దాన్ని గోళ్లతో మీటేవారు. తీగ చాలాసేపు మోగుతూనే ఉంటుంది కాబట్టి, ఏ స్వరాన్ని ఎప్పుడు ఆపాలో తెలియడం ఏ స్వరాన్ని మీటాలో తెలియడమంత ముఖ్యం. మయన్మార్ దేశపు సౌంగ్ అనే ధనురాకారపు హార్ప్ మీద కుడిచేయి మీటుతుంటే ఎడమ బొటనవేలు లోపలి నుంచి తంత్రిని నొక్కి స్వరాన్ని పెంచుతుంది. పశ్చిమాఫ్రికాలోని కోరా అనే వాద్యానికి 21 తంత్రులు. వాయించేది రెండు బొటనవేళ్లూ, రెండు చూపుడువేళ్లూ మాత్రమే.

కొలతలు పోతే ఏమవుతుందో ఐర్లండ్ చరిత్రలో చూడవచ్చు. డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఉన్న మధ్యయుగపు హార్ప్ 14 లేక 15వ శతాబ్దానిదని అంచనా. 1014లో మరణించిన రాజు బ్రయన్ బోరూ పేరుతో దాన్ని పిలవడం ప్రజల అభిమానమే తప్ప చరిత్ర కాదు. దాని నాదపేటికను విల్లో దుంగనొక్కదాన్ని తొలిచి చేశారు. ఆ సంప్రదాయం కొడిగడుతున్న రోజుల్లో, 1792లో, బెల్‌ఫాస్ట్ నగరంలో మిగిలి ఉన్న వాద్యకారులను సమావేశపరిచారు. పదిమంది ఐరిష్‌వారు, ఒక వేల్స్ కళాకారుడు వచ్చారు. వారి బాణీలను రాసుకునే పని ఎడ్వర్డ్ బంటింగ్ అనే యువ ఆర్గన్ వాద్యకారుడికి అప్పగించారు. పాత పద్ధతిలో గోళ్లతో వాయించినది తొంభై ఏళ్లు దాటిన డెనిస్ హెంప్సన్ ఒక్కడే. బంటింగ్ చేసిన మేలు తక్కువది కాదు, ఆ బాణీలు ఈనాటికీ బతికి ఉన్నది అతని వల్లనే. అయినా అతడు అచ్చువేసింది పియానోకు తగినట్టు మలచిన రూపం. ఎడమచేయి ఏం చేసిందో, తీగలను ఎక్కడ ఆపారో, తీగల మందమెంతో ఎక్కువ భాగం జారిపోయింది. వాటిని ఈనాటి తయారీదారులూ పరిశోధకులూ మిగిలిన కొద్దిపాటి పాత వాద్యాల నుంచి, బంటింగ్ చిత్తు ప్రతుల నుంచి ఒక్కొక్కటిగా ఏరుకుంటున్నారు. ఎవరైనా ఆ వృద్ధుడి వాద్యం పక్కన కూర్చుని తీగల మందం రాసుకుని ఉంటే ఎంత శ్రమ తప్పేదో!

భారతదేశం పరిస్థితి ఇంకా దయనీయం. భార్హుత్, సాంచీ, అమరావతి శిల్పాల్లో ధనురాకారపు హార్ప్ స్పష్టంగా కనిపిస్తుంది. సముద్రగుప్తుడి బంగారు నాణెం మీద రాజు ఒళ్లో ఉన్నది కూడా అటువంటి వాద్యమే. నాట్యశాస్త్రం చెప్పిన ఏడు తంత్రుల చిత్రా, తొమ్మిది తంత్రుల విపంచీ ఈ కోవకు చెందినవేనని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. తమిళ సంగమ కవులు యాళ్ అనే తంత్రీవాద్యం గురించి ఎంతగానో చెప్పారు. దాని మీద స్వామి విపులానంద 1947లో పెద్ద గ్రంథమే వెలువరించారు. ఇన్ని సాక్ష్యాలున్నా, ఆ ప్రాచీన వాద్యం నాదపేటిక మీద కప్పిన తోలు ఎంత బిగువున ఉండేదో, తంత్రి ఎంత మందమో చెప్పేవారు లేరు, ఎందుకంటే చేసేవారి పరంపర తెగిపోయింది. మధ్యప్రదేశ్‌లో గోండుల వంశగాథలు పాడే పర్ధాన్ గాయకుల దగ్గర బీన్ బాజా అనే చిన్న ధనురాకారపు వాద్యం నిలిచింది. పరంపర తెగని చోటు మరొకటి మయన్మార్. భారతదేశం నుంచే ఆ దేశానికి వెళ్లిందని చాలామంది పరిశోధకులు భావించే సౌంగ్‌ను అక్కడ ఇప్పటికీ కడుతున్నారు, వాయిస్తున్నారు. దాని పడవలాంటి దేహాన్ని మన వేగిస ప్రజాతికే చెందిన పడౌక్ చెక్కతో తొలుస్తారు, పైన జింకతోలు కప్పుతారు. మెడకు మాత్రం కాచునిచ్చే చండ్రచెట్టు వేరును, అదీ సహజంగా వంపు తిరిగినదాన్నే, వెతికి తెస్తారు. పెరిగినప్పుడే వంగిన కర్రలో నార ఎక్కడా తెగదు కదా. శిల్పం ఎంత సూక్ష్మంగా ఉన్నా ఈ ఒక్క సంగతి అది చెప్పలేదు.

అందుకే శిల్పాలను చూసి ప్రాచీన హార్ప్‌లను పునర్నిర్మించే ప్రయత్నాల మీద నాకు గౌరవం ఉన్నా, ఒక షరతు పెట్టాలనిపిస్తుంది. గాజు పెట్టెలో ఉంచడానికి చేసిన నమూనాను పునర్నిర్మాణమని పిలవకూడదు. తంత్రులు పూర్తి బిగువున ఎక్కించి, కొన్ని నెలలు వాయించి, ఏది వంగిందో ఏది చీలిందో నమోదు చేసి, ఆ కొలతలను అందరికీ అందుబాటులో ఉంచినప్పుడే దానివల్ల తరువాతివారికి ప్రయోజనం. విఫలమైన నమూనా కొలతలు కూడా విలువైనవే. అదే తప్పును మరొకరు మళ్లీ చేయకుండా ఆపుతాయి.

కొలతలు బయటపెడితే తమ జీవనాధారం పోతుందని చేతిపనివారు జంకడం అర్థం చేసుకోదగినదే. కాని చెక్కను ఎంచడం, నార దిశ చూసి కోయడం, పలకను తట్టి ఎక్కడ ఆపాలో తెలియడం ఏ పట్టికలోనూ పట్టవు. పట్టిక దొరికినంత మాత్రాన ఎవరూ హార్ప్ చేయలేరు, పట్టిక లేకపోతే మాత్రం చేసినవారు పోయాక ఆ హార్ప్‌ను ఎవరూ బాగుచేయలేరు. మరోవైపు, కర్మాగారపు హార్ప్‌లే మేలని కొట్టిపారేసేవారు పెడల్ హార్ప్‌ను దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతున్నారు. ఫ్రెంచి వాద్య తయారీదారు సెబాస్టియన్ ఎరార్ 1810లో పేటెంట్ హక్కు పొందిన ద్వంద్వ యంత్రాంగంతో ఏడు పెడల్లూ మూడేసి స్థానాల్లో కదులుతూ దాదాపు ప్రతి తంత్రినీ రెండు అర్ధస్వరాల మేర పెంచగలవు. అంతటి యంత్రం ఒంటరి పనివాడి ఉలికి లొంగేది కాదన్నది నిజం. తంత్రికొక చిన్న మీట బిగించిన, లేదా అదీ లేని హార్ప్ సంగతి వేరు. దాన్ని ఒక్కరు మొదటి నుంచి చివరిదాకా చేయగలరు, ఇప్పటికీ చేస్తున్నారు.

కాబట్టి తయారీదారులకు నా విన్నపం, ప్రతి హార్ప్ నాదపేటిక లోపల ఒక కాగితం అతికించండి. అందులో తంత్రి వారీగా పొడవు, మందం, పదార్థం, స్వరం, నాదఫలకం మందాలు, చెక్క పేరు, చేసిన సంవత్సరం ఉండాలి. నేర్పేవారు మొదటి పాఠాల్లోనే ఒక తంత్రి విప్పించి తిరిగి కట్టించాలి. మీ పత్రిక ఇటువంటి వాద్యాల మీద ఇకముందు వ్యాసాలు వేసేటప్పుడు ఆ పట్టికను కూడా అచ్చువేయాలి. పట్టికకు కొలిచేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. పొడవును నాదఫలకం ఉపరితలం నుంచి మెడ పక్కన తంత్రిని ఆనించే మేకు దాకా తీసుకోవాలి, బిరడ దాకా కాదు, ఎందుకంటే మేకుకు అవతలి భాగం మోగదు. ఆ కొలత కూడా తంత్రులు ఎక్కించి కొన్ని నెలలు గడిచి, పలక ఉబ్బు కుదురుకున్న తరువాత తీసినదై ఉండాలి. కట్టిన రోజు కొలతకూ దానికీ తేడా ఉంటుంది కాబట్టి రెండింటినీ తేదీలతో వేరువేరుగా రాయడం మంచిది.

భవదీయుడు,
ఒక పాఠకుడు